సాలెమగ్గం నుంచి లండన్ ఖజానాకు: వలస వాణిజ్యాన్ని తరగతి గదిలో ఆడించే విధానం

ఈ ఆటకు కావలసినవి పాత వార్తాపత్రికలు, మొద్దుమొన కత్తెరలు, స్కెచ్ పెన్నులు, నాలుగైదు వందల చింతపిక్కలు, రెండు జంట పీరియడ్లు. ఎనిమిది నుంచి పది వరకు ఏ తరగతితోనైనా ఆడించవచ్చు. నలభై మంది ఉన్న తరగతిలోనే ఇది రక్తి కడుతుంది. పాతిక మందితో అయితే సంత సందడి రాదు, బేరాలు పలచబడతాయి. పిల్లలు ఎక్కువని బాధపడే సోషల్ టీచర్లకు ఆ ఎక్కువే కలిసొచ్చే పాఠం ఇదొక్కటేనేమో.

ఇంటర్నెట్‌లో వెదికితే వలస వాణిజ్యం మీద దొరికే తరగతి ఆటలు దాదాపు అన్నీ అమెరికాలోని పదమూడు వలసల చుట్టూ తిరుగుతాయి. 1651 నుంచి వచ్చిన నౌకాయాన చట్టాలు, 1764 నాటి చక్కెర చట్టం, 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో నీళ్లపాలైన తేయాకు వాటిలో ఉంటాయి. అవి మంచి ఆటలే. అయితే ఆ తేయాకు ఈస్టిండియా కంపెనీ సరుకు. అదే కంపెనీకి 1680ల నుంచి విశాఖపట్నంలో కోఠీ, అంటే సరుకు కొని నిలవచేసే వ్యాపార స్థావరం, ఉంది. భీమునిపట్నంలో డచ్చివారి కోఠీ ఉంది. రెండు కోఠీల కళ్లూ ఈ ప్రాంతపు మగ్గాల మీదే. అలాంటప్పుడు విశాఖ పాతనగరంలో చదివే పిల్లవాడిని ముందు బోస్టన్ తీసుకువెళ్లి, అక్కడి నుంచి ఇంటికి తీసుకురావడం చుట్టుదారి అనిపిస్తుంది నాకు. కింది ఆట అందుకే విశాఖ తీరంలోనే మొదలై, ఇక్కడే ముగుస్తుంది.

ఆటకు ముందు టీచరు మనసులో ఉంచుకోవలసిన లెక్క

మెర్కంటిలిజం అని ఇంగ్లిషు పుస్తకాల్లో కనిపించే వాణిజ్యవాదం 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఐరోపా రాజ్యాలు నమ్మిన ఒక లెక్క. లోకంలో సంపద ఇంతే అని ఉంటుందని, దానికి కొలత బంగారం, వెండి అని, మన పెట్టె నిండాలంటే పక్కవాడి పెట్టె తరగాలని వారి నమ్మకం. కాబట్టి ఎక్కువ అమ్మాలి, తక్కువ కొనాలి. మన సరుకు మన ఓడల్లోనే పోవాలి. వలసలు ముడిసరుకు పంపి, తయారైన సరుకు కొనుక్కోవాలి. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ నడిపిన విధానాలకూ, ఇంగ్లండు నౌకాయాన చట్టాలకూ మూలం ఇదే.

ఇంతవరకు పాఠ్యపుస్తకం చెబుతుంది. తీరా మన తీరానికి వచ్చేసరికి ఈ లెక్క బోర్లా పడింది. ఇంగ్లండు దగ్గర ఉన్న పెద్ద సరుకు ఉన్ని బట్ట. మన ఎండల్లో దాన్ని కొనేవారెవరు? మన నూలు బట్టకు మాత్రం అక్కడ ఎనలేని గిరాకీ. దాంతో కంపెనీ ఓడలు వెండి మోసుకొచ్చి బట్ట మోసుకెళ్లాయి. దేశంలోని వెండిని సముద్రం దాటించేస్తున్నారని లండన్‌లోనే కంపెనీని తిట్టిపోశారు. కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన థామస్ మన్ దానికి జవాబు చెప్పాడు: ఇక్కడ వెచ్చించిన వెండి కన్నా, ఆ సరుకును ఐరోపాలో మళ్లీ అమ్మితే వచ్చే వెండి ఎక్కువ అని.

ఆ తరువాత అసలు మలుపు వచ్చింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766, 1768లలో నిజాముతో ఒప్పందాలు కలిసి ఉత్తర సర్కారులను, అంటే విశాఖతో సహా మన తీర ప్రాంతాన్ని, కంపెనీ చేతిలో పెట్టాయి. వ్యాపారి చేతికి పన్ను పెట్టె వచ్చింది. ఇక ఇక్కడి పన్నుతోనే ఇక్కడి బట్ట కొనవచ్చు, వెండి తేనక్కరలేదు. ఆట అంతా ఈ ఒక్క మలుపు పిల్లల చేతులకు తగలడం కోసమే. మిగతా హంగులు మీ ఇష్టం, కుదించుకోవచ్చు. దీన్ని మాత్రం వదలకండి.

పాత్రలు పంచడం

నలభై రెండు మంది ఉన్నారనుకుందాం. ముగ్గురేసి చొప్పున ఆరు సాలె కుటుంబాలు. బియ్యం, నూలు అమ్మే రైతులు ముగ్గురు. స్థానిక వర్తకులు నలుగురు. విశాఖ ఇంగ్లిషు కోఠీలో ఐదుగురు: చీఫ్, లెక్కలు రాసేవాడు, దుబాసీ (మాట తర్జుమా చేసేవాడు), ఇద్దరు బంట్రోతులు. భీమిలి డచ్చి కోఠీలో నలుగురు. శ్రీకాకుళం ఫౌజుదారు (ఆ ప్రాంతపు పాలనాధికారి), అతని సుంకరి (సుంకం వసూలు చేసేవాడు) కలిపి ఇద్దరు. లండన్‌లో నలుగురు: ఇద్దరు కంపెనీ డైరెక్టర్లు, ఇద్దరు పార్లమెంటు సభ్యులు. చివరి ఇద్దరు బోర్డు మీద లెక్క రాస్తారు, ఓడ నడిపేది కూడా వారే. బాగా మాట్లాడే పిల్లలను సాలె కుటుంబాల్లో వేయండి. కంపెనీ పాత్రకు అధికారం ఎలాగూ వస్తుంది, దానికి వాగ్ధాటి కూడా తోడైతే ఆట ఒకవైపు ఒరిగిపోతుంది.

చీటీలు తీసే పాత్రలు పంచండి. తరగతిలో నేత కుటుంబాల పిల్లలు ఉండవచ్చు. “నువ్వు ఎలాగూ సాలెవాళ్ల అబ్బాయివే కదా” అని ఎవరి నోటినుంచి వచ్చినా ఆట అక్కడే చెడిపోతుంది. రెండో సంగతి: కోరమాండల్ తీరపు బట్ట పశ్చిమ ఆఫ్రికాలో బానిసల కొనుగోలుకు మారకంగా పోయింది. ఈ విషయం పిల్లలకు చెప్పాలి, పటం మీద చూపాలి. అమ్ముడుపోయే మనిషి పాత్రను మాత్రం ఏ పిల్లవాడికీ ఇవ్వకూడదు.

గదిలో ఒక మూలను లండన్ చేయండి. వీలైతే వరండాలో కూర్చోబెట్టండి, ఇక్కడి మాట అక్కడికి వినిపించకూడదు. రెండు కోఠీలు రెండు గోడల పక్కన ఉండాలి, మగ్గాలు మధ్యలో.

డబ్బు, బట్ట

చింతపిక్క ఒక రూక. మద్రాసు లెక్కలో 42 రూకలు ఒక వరహా, 80 కాసులు ఒక రూక. ఆ కాలపు నాణేల చిక్కు పిల్లలకు చెప్పి ఊరుకోండి, ఆటలోకి తేకండి. ఇంగ్లిషు కోఠీకి 60 రూకలు, డచ్చివారికి 40, ఒక్కో సాలె కుటుంబానికి 6, ఒక్కో వర్తకుడికి 5, ఒక్కో రైతుకు 10 ఇవ్వండి. మిగిలినవి మీ దగ్గర ఉంచుకోండి. ఐరోపా మార్కెట్టు మీరే.

బట్ట నిజంగానే నేయాలి. వార్తాపత్రిక సగం కాగితాన్ని మడిచి నిలువుగా కోతలు పెడితే అది పడుగు. వేరే కాగితం నుంచి కత్తిరించిన పట్టీలను పైకీ కిందికీ దూర్చుకుంటూ పోతే పేక. ఎనిమిది కోతల బట్ట ముతక, పన్నెండు కోతలది సన్నం. విశాఖ కోఠీ కొన్న బట్టకు అసలు కొలత పుంజం. ఒక పుంజం అంటే 120 పడుగు దారాలు, పుంజాలు పెరిగే కొద్దీ నేత సన్నబడుతుంది. ఆటలో ఒక్కో కోతను ఒక్కో పుంజంగా లెక్కపెట్టండి. ముగ్గురు కలిసి కూర్చుంటే పది నిమిషాల్లో రెండు బట్టలు నేయగలరు. అంతకన్నా వేగంగా నేసేవారు ఉంటే కోతలు పెంచండి.

ప్రతి ఆవృత్తంలో (రౌండులో) ఒక్కో కుటుంబం బియ్యానికి 4 రూకలు, బట్టకు 2 రూకల చొప్పున నూలుకు 4 రూకలు రైతులకు కట్టాలి. నూలంటే మీరు రైతులకు ఇచ్చిన కాగితాలే. మొదటి నూలు 6 రూకలతో కొనుక్కుని, మిగతావి బట్ట అమ్మాక తీర్చవచ్చు.

మొదటి ఆవృత్తం: బేరం ఎవరి చేతిలో?

కాలం 18వ శతాబ్దపు తొలి భాగం. కోఠీలు నేరుగా మగ్గం దగ్గరకు పోవు. వర్తకుడికి డబ్బిస్తే అతడు సాలెవారికి బయానా (ముందస్తు డబ్బు) ఇచ్చి, బట్ట తెచ్చి, బట్టకొక రూక తాను ఉంచుకుంటాడు. ఫౌజుదారు సుంకరి కోఠీకి చేరే ప్రతి బట్టకూ ఒక రూక తీసుకుని పన్ను పెట్టెలో వేస్తాడు. సాలె కుటుంబాలకు ఇచ్చే కార్డు మీద ఈ నియమం పెద్ద అక్షరాలతో రాయండి: బయానా తిరిగి ఇచ్చేసి వేరేవారికి బట్ట అమ్ముకోవచ్చు. ఇది కల్పన కాదు. దక్షిణ భారత నేతగాళ్లకు ఆ రోజుల్లో ఆ వెసులుబాటు ఉండేది. కొనేవారు చాలామంది ఉన్నప్పుడు అది గట్టి ఆయుధం.

పది నిమిషాలు నేత, ఐదు నిమిషాలు బేరం. ధర 6 నుంచి 9 రూకల మధ్య తేలుతుంది. ఒక రూక ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన డచ్చివారికి పుట్టగానే గది గొల్లుమంటుంది. ఆపకండి. ఓడ బట్టను లండన్ చేరుస్తుంది, మీరు బట్టకు 20 రూకలు డైరెక్టర్లకు ఇస్తారు. డచ్చి సరుకు వారి దేశం చేరినట్టు లెక్క. వారికి కూడా అదే ధర ఇచ్చేయండి.

స్కెచ్ పెన్నుతో పూలు, లతలు వేసిన అద్దకం బట్టకు రెండు రూకలు ఎక్కువ ఇస్తామని కోఠీల చేత చెప్పించండి. చరిత్రలో అద్దకానికి పేరు మచిలీపట్నం వైపుది. ఆట కోసం తీరాన్నంతా ఒకటి చేశాం, ఆ మాట పిల్లలకు చెప్పేయండి.

ఎవరైనా రాజకీయం ఏదని అడిగితే 1689 ముచ్చట చెప్పవచ్చు. ఔరంగజేబుకూ కంపెనీకీ తగువు వచ్చిన రోజుల్లో మొగలు సేనలు విశాఖ కోఠీని పట్టుకున్నాయి, కోఠీ ఉద్యోగులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి కంపెనీ ఇక్కడ ఒక అద్దెదారు, అంతే.

రెండో ఆవృత్తం: ఆరు నెలల పాత వార్త

ఇప్పుడు లండన్ మూలకు పని పడుతుంది. ఇంగ్లండు ఉన్ని, పట్టు నేతగాళ్లు మన బట్ట మీద మండిపడుతున్నారని పార్లమెంటు పిల్లలకు ఒక కాగితం ఇవ్వండి. 1700లో చేసిన చట్టం ఆసియా నుంచి వచ్చే అద్దకం నూలు బట్టను ఇంగ్లండులో వాడకుండా ఆపింది, తెచ్చి బయటి దేశాలకు అమ్ముకోవచ్చు. తెల్ల బట్ట తెప్పించి లండన్‌లోనే అద్దకం వేసే పని దాంతో పుంజుకుంది. 1721 చట్టం ఆ అద్దకం నూలు బట్టనూ కట్టుకోకూడదంది. వీటిని చదివి పార్లమెంటు సభ్యులు తమ మాటల్లో ఒక శాసనం రాసి, డైరెక్టర్ల చేతిలో పెట్టాలి. డైరెక్టర్లు విశాఖ కోఠీకి ఉత్తరం రాయాలి.

కిటుకు ఇక్కడ ఉంది. ఆ ఉత్తరాన్ని ఓడ పిల్లలు పది నిమిషాల నేతలో ఏడో నిమిషం దాకా అందించకూడదు. అప్పటికి సాలె కుటుంబాలు అద్దకం మోజులో పెన్నులు అరగదీసి ఉంటాయి. ఇకనుంచి అద్దకం బట్టకు మీరిచ్చేది 15 రూకలే, అదీ ఇంగ్లండు బయట అమ్మకానికి. తెల్ల బట్టకు పాత ధరే. నష్టం ఎవరు భరించాలని వర్తకుడు, కోఠీ, సాలెవారు వాదులాడుకోనివ్వండి, తీర్పు మీరు చెప్పకండి. తామెన్నడూ చూడని ఊళ్లో, తమకు తెలియని భాషలో రాసిన కాగితం తమ చేతిలోని పూల ధరను తగ్గించిందని వారికి అప్పుడు తెలుస్తుంది. వాణిజ్యవాదం నిర్వచనం ఈ వాదన సద్దుమణిగాక బోర్డు మీద రాయండి. ముందే రాస్తే అది నోట్సులో ఒక వాక్యంగా మిగిలిపోతుంది.

మొదటి రోజు ఇక్కడ ఆపండి. రూకలు, అప్పులు కాగితం మీద రాయించి, కవర్లలో దాచండి.

మూడో ఆవృత్తం: నలభై ఎనిమిది రూకలు

రెండో రోజు మాట్లాడకుండా మొదలుపెట్టండి. ఫౌజుదారు లేచి, పన్ను పెట్టె తీసుకెళ్లి ఇంగ్లిషు చీఫ్ బల్ల మీద పెట్టి, వెళ్లి కూర్చుంటాడు. బోర్డు మీద 1768 అని రాయండి. మధ్యలో ఫ్రెంచివారి కథ చాలా ఉంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను పట్టుకున్నాడు. 1758 చివర చందుర్తి దగ్గర ఇంగ్లిషు సేనాని ఫోర్డు సేన ఫ్రెంచివారిని ఓడించింది. ఆసక్తి ఉన్న పిల్లలకు అది వేరే రోజు చెప్పండి.

కొత్త నియమాలను ఇంగ్లిషు చీఫ్ చేత చదివించండి. వర్తకుల పని పోయింది. వారిలో ఇద్దరు కంపెనీ గుమాస్తాలవుతారు, మిగతా ఇద్దరు ఖాళీ. కంపెనీ బయానా తీసుకున్న సాలెవారు ఇంకెవరికీ అమ్మకూడదు, బయానా తిరిగి ఇవ్వడం కుదరదు. సన్నం బట్ట ధర 5 రూకలు, గుమాస్తా ముతక అంటే 3 రూకలు, ఆ మాటకు తిరుగులేదు. గుమాస్తాలకు రహస్యంగా ఒక చీటీ ఇవ్వండి: రెండింటిలో ఒకదాన్ని ముతక అనాలి. ఒక్కో కుటుంబం 3 రూకల మగ్గం పన్ను, ఒక్కో రైతు 10 రూకల శిస్తు కట్టాలి. ఆలస్యం చేసిన మగ్గం పక్కన బంట్రోతు నిలబడతాడు, అతని బత్తా (రోజు ఖర్చు) ఒక రూక ఆ కుటుంబమే ఇవ్వాలి. ఈ చివరి నియమం విని పిల్లలు నమ్మరు, టీచరు కల్పించారంటారు. కానీ కంపెనీ కాలపు మద్రాసు ప్రాంతంలో మగ్గాల దగ్గర బంట్రోతులను కూర్చోబెట్టి, వారి ఖర్చు నేతగాళ్ల నుంచే రాబట్టిన మాట నిజం. డచ్చివారు దొంగచాటుగా ఎక్కువ ధర ఇవ్వవచ్చు, దొరికితే బట్ట జప్తు.

ఇంగ్లిషు కోఠీ దగ్గర ఉన్న పాత రూకలన్నీ ఆవృత్తం మొదట్లోనే లండన్‌కు పంపించేయండి. బయానాల కోసం మీరు 12 రూకలు అప్పుగా ఇచ్చి, పన్ను రాగానే తిరిగి తీసుకోండి.

ఇప్పుడు లెక్క. శిస్తు ముందు, బట్ట తరువాత. ఆరు కుటుంబాల మగ్గం పన్ను 18 రూకలు. ముగ్గురు రైతుల శిస్తు 30 రూకలు. పెట్టెలో 48. ఆరు కుటుంబాలు రెండేసి బట్టలు నేస్తే పన్నెండు. ఆరింటికి 5 చొప్పున 30, ఆరింటికి 3 చొప్పున 18. ఖర్చు 48. లండన్ నుంచి వచ్చిన వెండి సున్న. లండన్ చేరిన బట్టలు పన్నెండు, వాటి ధర 240 రూకలు.

ఈ లెక్క వాక్యాలను లెక్క రాసే పిల్లలు బోర్డు మీద ఒక్కొక్కటిగా రాసేటప్పుడు మీరు నోరు విప్పకండి. “మన డబ్బుతోనే మన బట్ట కొన్నారా?” అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే చింతపిక్కలను ఒక్కో బల్ల నుంచి ఇంకో బల్లకు నడిపిస్తూ మళ్లీ చూపండి. అంకెలు సరిగ్గా సరిపోయేలా నేను కూర్చినవే. చరిత్రలో భూమిశిస్తు వాటా చాలా పెద్దది, అందులో యుద్ధాలకూ, జీతాలకూ పోయింది కూడా ఎక్కువే. ఆ తేడాను దాచకుండా చెప్పండి. పదో తరగతి పిల్లలు మీరు దాచినదాన్ని ఇట్టే పట్టేస్తారు.

జమీందార్లు ఊరుకున్నారా అన్న ప్రశ్న వస్తుంది, రావాలి. పేష్కషు (జమీందారు కంపెనీకి కట్టే కప్పం) బకాయిల గొడవ ముదిరి, 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించాడు. పన్ను పెట్టె బరువు అక్కడిదాకా పోయిందని ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగండి.

నాలుగో ఆవృత్తం

ఇది చిన్నది, ఏడెనిమిది నిమిషాలు చాలు. 1813 చార్టర్ చట్టం భారత వాణిజ్యంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. ఖాళీగా ఉన్న వర్తకులకూ, డచ్చి పిల్లలకూ నేత లేని సాదా కాగితాల దొంతర ఇచ్చి, అది ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు బట్ట అనండి. డచ్చివారు 1825లో భీమిలిని ఎలాగూ అప్పగించి పోతారు. మిల్లు బట్ట ధర 2 రూకలు. మన బట్ట లండన్ పోవాలంటే భారీ సుంకం. సాలె కుటుంబం నూలుకే బట్టకు 2 రూకలు పెట్టాలి. ఎవరు కొంటారో చూడమనండి, అంతే. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసి, పాలన మాత్రం ఉంచుకుంది.

“మగ్గాలన్నీ మూతపడ్డాయి” అని పిల్లలు రాయబోతారు. రాయనివ్వకండి. ముతక బట్ట నేత నిలిచింది, మిల్లు నూలుతో నేసిన మగ్గాలు చాలా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తో వడికి, సన్నని ఖద్దరు నేసే పని ఇప్పటికీ ఉంది.

ఆట తరువాతి మాటలు

కనీసం ఇరవై అయిదు నిమిషాలు దీనికి ఉంచండి. ఆట ముచ్చటగా సాగుతోందని ఈ సమయాన్ని తినేస్తే మిగిలేది గోల మాత్రమే. మొదట లండన్ పిల్లలను మాట్లాడించండి, ఎందుకంటే మగ్గాల దగ్గర ఏం జరిగిందో వారికి తెలియదు. తమ ఖజానా నిండిందని సంతోషంగా చెబుతారు. తరువాత గుమాస్తాలు తమ రహస్య చీటీ బయటపెట్టాలి. అప్పుడు సాలె కుటుంబాలు. ఈ వరుస మార్చితే మూడో వంతు ఫలితం పోతుంది.

నేనడిగే ప్రశ్నలు మూడే. వెండి ఏ ఆవృత్తంలో ఎటు నడిచింది? నియమాలు ఎవరు రాశారు, వాటిని మార్చగల చోటు ఎక్కడ ఉంది? మొదటి ఆవృత్తంలో మీకున్న ఏ ఒక్క హక్కు మూడో ఆవృత్తంలో ఉండి ఉంటే మీ పరిస్థితి మారేది? మూడో ప్రశ్నకు జవాబులు బాగుంటాయి. చాలామంది ధర అంటారు, కొద్దిమంది డచ్చివారికి అమ్ముకునే వీలు అంటారు. ఆ కొద్దిమంది చేత వివరింపజేయండి. ఆ కాలపు నేతగాళ్లు ఏం చేశారో కూడా అప్పుడే చెప్పండి: బయానా తీసుకోబోమన్నారు, చాటుగా అమ్మారు, ఊరు విడిచి వెళ్లారు, గుంపులుగా వెళ్లి అర్జీలు పెట్టుకున్నారు.

కంపెనీ పాత్ర వేసిన పిల్లలను ఎవరూ వెక్కిరించకుండా చూడండి. ఇంగ్లిషువారు చెడ్డవారు, మనవారు మంచివారు అని తేల్చేస్తే గుమాస్తా ఎవరివాడన్న ప్రశ్న గాలికి పోతుంది.

మార్కులు, ఊరు చూడటం

రాతపని ఒకటి చాలు. సాలె కుటుంబం తరఫున విశాఖ కోఠీ చీఫ్‌కు ఒక అర్జీ, అర పేజీ. తన ఆటలోని అంకెలు కనీసం రెండు, ఒక చట్టం లేదా ఒప్పందం సంవత్సరంతో సహా, ఒక కోరిక అందులో ఉండాలి. కన్నీళ్లకు మార్కులు వేయకండి, లెక్కకు వేయండి. చదవగలిగిన పిల్లలకు ఎదుటివైపు పని ఇవ్వండి: ఆ అర్జీకి చీఫ్ రాసే జవాబు.

వీలైతే ఒక సగం రోజు భీమిలి డచ్చి సమాధుల దగ్గరకు తీసుకెళ్లండి. 17, 18 శతాబ్దాల రాళ్ల మీది సంవత్సరాలను పిల్లలు రాసుకుని, తమ ఆవృత్తాలతో జతపరచుకోవచ్చు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం కూడా పాత డచ్చి బంగళాలోనే ఉంది, పిల్లలతో వెళ్లేముందు సెలవు రోజు ఏదో కనుక్కోండి. పాతనగరంలోని ఐరోపావారి సమాధుల తోటకు తాళం వేసి ఉండవచ్చు, ముందుగా అనుమతి అడగండి. ఏ రాయి మీదా కాగితం పెట్టి రుద్దనివ్వకండి, ఫోటో తీస్తే చాలు.

రెండు జంట పీరియడ్లు దొరక్క ఒక్క నలభై అయిదు నిమిషాలే ఉంటే రెండు, నాలుగు ఆవృత్తాలు తీసేయండి. బట్టలు ముందురోజు ఇంటి దగ్గర నేసి తెమ్మనండి. మొదటి ఆవృత్తం పది నిమిషాలు, మూడోది పదిహేను, మిగతా ఇరవై మాటలకు. అద్దకం చట్టాలను మరుసటి రోజు మామూలు పాఠంగా చెప్పుకోవచ్చు. చింతపిక్కలు ఎండబెట్టి మూతగట్టి డబ్బాలో పోస్తే మరుసటి సంవత్సరానికీ పనికొస్తాయి, తడి తగిలితే పురుగు పడుతుంది.